మానడానికి పత్తెం

‘మాను’ అనే క్రియకు తెలుగులో రెండు కాపురాలు. ఒకటి మనిషి దగ్గర: తాగుడు మానాడు, చుట్ట మానాడు, బడి మానాడు. రెండోది గాయం దగ్గర: పుండు మానింది, కోత మానింది. మొదటి వాక్యంలో చేసేవాడు మనిషి. రెండో వాక్యంలో చేసేవాడంటూ ఎవడూ లేడు. కట్టు కట్టిన నర్సు గానీ, రాత్రంతా మేలుకున్న తల్లి గానీ ఆ వాక్యంలోకి రారు. పుండు దానంతటదే మానుతుంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు ఈ రెండర్థాలనూ ఒకే మాట కింద ఇచ్చింది. ‘మాన్పు’ సంగతీ అంతే. రోగమైనా మాన్పవచ్చు, అలవాటైనా మాన్పవచ్చు.

అన్ని భాషల్లోనూ ఇంతేలే అనుకోనక్కర్లేదు. దోహాలో నేనుండే అల్ మన్సూరాలో ఏ మెస్సులోనైనా ఒక బల్ల దగ్గర కాసేపు కూర్చుంటే తేడా చెవిన పడుతుంది. తమిళుడి పుండు ఆరుతుంది, తాగుడు మాత్రం అతను ‘విట్టుట్టాన్’, అంటే విడిచిపెట్టాడు. మలయాళీ గాయం ‘ఉణంగి’, ఎండింది. తాగుడు మాత్రం ‘నిర్త్తి’, నిలిపాడు. హిందీవాళ్ళ గాయం ‘భర్ గయా’, పూడింది. శరాబు మాత్రం ‘ఛోడ్ దీ’. కన్నడం మనకు దగ్గరి చుట్టమే అయినా అక్కడా రెండు క్రియలే: గాయం ‘మాయితు’, పాత కన్నడంలో పని చాలించడానికి ‘మాణ్’. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో పుండునీ తాగుడునీ ఒకే క్రియకు అప్పజెప్పింది తెలుగువాడే.

దీన్ని మన పూర్వీకుల వైద్యజ్ఞానానికి రుజువంటూ ఎవరో వాట్సాప్‌లో తిప్పకముందే చెప్తున్నాను, భాష అంత ముందుచూపుతో పనిచేయదు. ఎవరూ కూర్చుని ఆలోచించి ఇలా పెట్టలేదు. కానీ ఇంట్లో ఉన్న సామాను ఎవరు కొన్నదైనా అవసరానికి వాడుకుంటాం కదా. ఈ క్రియకు ఇప్పుడు అవసరం వచ్చింది.

జగిత్యాల జిల్లా నుంచి వచ్చిన ఒక ఏసీ మెకానిక్ మా పక్క బిల్డింగులో ఉంటాడు. సెలవు మీద ఊరికి పోయి, అక్కడే ఒక డీ అడిక్షన్ సెంటర్లో చేరి, తేరుకుని తిరిగొచ్చాడు. వచ్చిన కొత్తలో రూములో అందరికీ ఒకటే మాట: ‘‘బంద్ వెట్టిన అన్నా. ఇగ ముట్ట.’’ ఉత్తర తెలంగాణలో తాగుడు గురించి ‘బంద్ వెట్టిన’, ‘ఇడిసిపెట్టిన’ ఎక్కువగా వినపడతాయి. కోస్తావాళ్ళు ‘మానేశాను’ అంటారు. ఏది అన్నా మాట తీరు ఒకటే, అయిపోయిన పని గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

‘మానేశాను’లో మాని పక్కన చేరింది వేయు. తినేశాడు, చెప్పేశాడు, పారేశాడు, అమ్మేశాడు. వేయు చేరిందంటే ఆ పని పూర్తయి చేతిలోంచి జారిపోయినట్టే, మళ్ళీ దాని వంక చూడక్కర్లేదు. బంద్ పారశీకం, కట్టడం, మూయడం అని. సాయంత్రం షట్టరు దించేసినట్టు. దించిన షట్టరును పొద్దున్నే ఎత్తుతారన్న సంగతి ఆ మాట చెప్పే ఉత్సాహంలో ఎవరికీ తట్టదు.

గాయం గురించి ‘మానేసింది’ అని ఎవరూ అనరు. అంటే నవ్వుతారు. ‘మానుతోంది’ అంటాం. ‘పైకి మానింది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది’ అంటాం. ‘షుగరున్న మనిషి, తొందరగా మానదు’ అంటాం. ‘తడవనివ్వకు, మళ్ళీ రేగుతుంది’ అంటాం. ఎంత విపులమైన వ్యాకరణమో చూడండి. నడుస్తున్న కాలం ఉంది, లోపలా బయటా ఉంది, మనిషిని బట్టి వ్యవధి ఉంది, పక్కవాళ్ళకు జాగ్రత్త ఉంది. తాగుడు దగ్గరికి వచ్చేసరికి ఇదంతా ఎగిరిపోయి రెండు రూపాలే మిగులుతాయి: మానేశాడు, మానలేదు. ‘నేను తాగుడు మానుతున్నాను’ అని ఎవరైనా అంటే ‘అంటే ఇంకా తాగుతున్నావన్నమాట’ అని ఎదురడుగుతారు.

డాక్టర్ల లెక్క గాయం వ్యాకరణానికే దగ్గర. బాగా అలవాటైన మనిషి మద్యం ఒక్కసారిగా ఆపితే గంటల్లోనే చేతుల వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి సంధి ప్రేలాపనలోకి దిగే ప్రమాదం ఉంది. ఇదంతా మందులతో దాటించడానికి సుమారు వారం పడుతుంది. చుట్టపక్కాలు ‘నయమైంది’ అనేది ఈ వారం చూసే. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన రోగనిర్ణయ గ్రంథం డీఎస్ఎం-5 మాత్రం లక్షణాలు లేకుండా మూడు నెలలు గడిస్తే దాన్ని తొలి ఉపశమనం అంటుంది, పన్నెండు నెలలు గడిస్తే నిలకడైన ఉపశమనం అంటుంది. ఆ లెక్కలోంచి ఒక్క లక్షణాన్ని కావాలనే మినహాయించారు. తాగాలన్న కోరిక. అది ఉన్నా ఫరవాలేదు, ఉపశమనం కిందే లెక్క. పైకి మానింది, లోపల పచ్చిగా ఉంది అని మన ముసలమ్మలు పుండు గురించి అనే మాటే, గ్రంథం భాషలో.

ఈ క్రియకు ఇంకో రెండు రూపాలున్నాయి, వాటికీ ఈ కథలో వాటా ఉంది.

ఒకటి మానుకొను. ‘ఇకనైనా మానుకోరా’ అని తల్లి, ‘పిల్లల మొహం చూసన్నా మానుకో’ అని మామ. కొను చేరితే పని తనకోసమూ తనంతట తానూ చేసేది అవుతుంది. గల్ఫ్‌లో బ్యాచిలర్ రూము బతుకంతా ఈ కొను మీదే నడుస్తుంది: వండుకోవడం, ఉతుక్కోవడం, సర్దుకోవడం, ఓర్చుకోవడం. ఆ వరసలో మానుకోవడాన్నీ చేర్చి, బరువంతా ఒక్కడి నెత్తిన పెట్టి, ఊళ్ళోవాళ్ళు ఫోను పెట్టేస్తారు.

రెండోది మాన్పించు. ఇందులో మనిషి చేతిలో ఏమీ ఉండదు, ఎవరో మాన్పిస్తారు. మన ఊళ్ళ గోడల మీద, బస్టాండు మూత్రశాలల తలుపుల మీద కనిపించే ప్రకటనలన్నీ ఈ రూపంలోనే ఉంటాయి. తాగుడు మాన్పించబడును. తాగేవారికి తెలియకుండా భోజనంలో కలిపి ఇవ్వవచ్చును. ఆ పొట్లాల్లో ఏముంటుందో అమ్మేవాడికే ఎరుక. మద్యం మాన్పడానికి వైద్యులు వాడే మందుల్లో డైసల్ఫిరమ్ అని ఒకటుంది. కోపెన్‌హాగన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సెన్ అనే ఇద్దరు దాన్ని కడుపులో పురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. తర్వాత మద్యం పుచ్చుకుంటే ఒళ్ళంతా తిప్పేసింది. 1948లో దాన్ని తాగుడు మందుగా ప్రకటించారు. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బున్నవాడి ప్రాణమే పోవచ్చు. అందుకే రోగికి చెప్పి, ఒప్పించి, ఇంట్లో ఒకరి కంటి ముందు వేయిస్తారు. తెలిసి వేసుకుంటే అది మందు. తెలియకుండా సాంబారులో కలిపితే విషప్రయోగమనే అనాలి. (‘మందు’ అన్న మాట మీద ఇక్కడ ఒక చమత్కారం కాచుకుని కూర్చుందని నాకూ తెలుసు. అందరూ విన్నదే.)

ప్రభుత్వాలదీ మాన్పించే భాషే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమం ఫలితంగా 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. ఆ ఉద్యమాన్ని తక్కువ చేయను. ఆ ఆడవాళ్ళు అడిగింది పీపా ఊళ్ళోకి రాకుండా ఆపమని. పీపా ఆగిన మర్నాడు వణుకుతున్న మొగుణ్ణి ఏం చేయాలన్నది అప్పుడూ ఎవరి పనీ కాలేదు.

గల్ఫ్ పంపడం కూడా మాన్పించే పద్ధతుల్లో ఒకటిగా చెలామణీ అవుతుంది. ‘అక్కడ మందు దొరకది, సోపతులు ఉండరు, సక్కగైతడు’ అని అప్పుచేసి వీసా తీసిన తండ్రులున్నారు. ఖతార్‌లో మద్యం అమ్మకం లైసెన్సున్న హోటళ్ళకూ, పర్మిటు తీసుకున్న ముస్లిమేతరులకూ పరిమితం. నలుగురిలో తాగి కనిపిస్తే నేరం, ఆపైన ఉద్యోగమూ పోతుంది. కాబట్టి చాలామందికి అలవాటు విమానం దిగగానే ఆగిపోతుంది. ఆగడం వేరు, మానడం వేరు. నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంకో చిక్కుంది. అక్కడ కల్లు పేరుతో దొరికేదాంట్లో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలమ్ వంటి మత్తుపదార్థాలు కలపడం చాలా ఏళ్ళుగా ఉన్న రోగం. అలాంటి కల్లు ఒక్కసారి ఆగితే ఏమవుతుందో 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు వరస కట్టిన మనుషులు చూపించారు. ఆ మనిషే దోహా క్యాంపులో దిగినరోజు వణికితే ‘ఎండకు అలవాటు కాలే’ అనుకుంటారు.

దొరకనిచోట దొరికేది ఇంకా ప్రమాదం. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన చాటు సారా తాగి 23 మంది పోయారు, ఇంకా చాలామంది డయాలిసిస్‌ల మీద, వెంటిలేటర్ల మీద పడ్డారు. పోయినవాళ్ళంతా ఆసియా దేశాల నుంచి పనికి వచ్చినవాళ్ళే.

ఇక మళ్ళీ మొదలవడం గురించి. ఇక్కడే తెలుగు నన్ను ఎక్కువగా ఆపింది.

జ్వరం తగ్గి, నాలుగు రోజులాగి మళ్ళీ వస్తే ‘తిరగబెట్టింది’ అంటాం. చేసింది జ్వరం, మనిషి కాదు. వెంటనే అడిగే ప్రశ్నలు కూడా వేరుగా ఉంటాయి. ఏం తిన్నావు, వానలో తడిశావా, మాత్రలు మధ్యలో ఆపేశావా? మనిషి మళ్ళీ తాగితే ‘తిరగబెట్టింది’ అనం. ‘మళ్ళీ మొదలెట్టాడు’, ‘మల్ల షురూ జేసిండు’ అంటాం. కర్త మారిపోయాడు, రోగం పక్కకు తప్పుకుంది, మనిషి బోనులో నిలబడ్డాడు. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అని సామెత సాక్ష్యం కూడా చెబుతుంది.

2000లో థామస్ మెక్‌లెల్లన్ తదితరులు అమెరికా వైద్యసంఘం పత్రికలో ఒక పోలిక పెట్టారు. మత్తు అలవాట్లకు చికిత్స పొందినవాళ్ళలో ఏడాదిలోపు మళ్ళీ వాడేవాళ్ళు 40 నుంచి 60 శాతం. బీపీ, ఆస్తమా రోగుల్లో మందులు సరిగా వాడక జబ్బు ముదిరి మళ్ళీ డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్ళు 50 నుంచి 70 శాతం. బీపీ మళ్ళీ పెరిగితే మాత్ర మారుస్తారు, ఉప్పు తగ్గించమంటారు. ఎవరూ ‘నీ బుద్ధి ఇంతే’ అనరు.

ఈ క్రియ తేడాకు ఫలితం కూడా ఉంటుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వవేత్త ఆలన్ మార్లట్, జూడిత్ గోర్డన్‌తో కలిసి 1985లో తెచ్చిన పుస్తకంలో ఒకసారి తడబడటాన్నీ పూర్తిగా జారిపోవటాన్నీ విడదీశాడు. ఆ మొదటి గుక్క తర్వాత మనిషి తనతో ఏమనుకుంటాడన్నదే కీలకమని అతని వాదన. ‘నేనింతే, నావల్ల కాదు’ అనుకున్నవాడికి రెండో గ్లాసు ఆపడానికి కారణమే మిగలదు. ‘తిరగబెట్టింది’ అనుకున్నవాడు ఎక్కడ తడిశానా అని వెతుక్కుంటాడు. ఇంకో సంగతి కూడా ఉంది, అది ప్రాణం మీదికి వచ్చేది. కొన్నాళ్ళు దూరంగా ఉన్న ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ముఖ్యంగా నల్లమందు జాతి మత్తుల్లో, చికిత్స నుంచి బయటికి వచ్చిన తొలి వారాల్లో పాత మోతాదే తీసుకుని పోయేవాళ్ళు ఎక్కువ. సిగ్గుతో ఒంటరిగా, తలుపు మూసుకుని తీసుకునేవాడిని కాపాడేవాళ్ళెవరూ పక్కన ఉండరు.

ఇక్కడి భాష ఈ విషయంలో ఏమంటుందో చూద్దాం. అరబీలో వ్యసనాన్ని ఇద్మాన్ అంటారు. మాట మూలంలో అర్థం మానకుండా చేస్తూ పోవడమే. మన కావ్యాల్లోని ‘మానక’కు అచ్చంగా సరిపోతుంది. కోలుకోవడాన్ని తఆఫీ అంటారు. హైదరాబాదీలు కుశలం అడిగేటప్పుడు వాడే ఆఫియత్ దీనికి తోబుట్టువు. తఆఫీ ఉన్న అచ్చులోనే సహకారం అనే అర్థమిచ్చే తఆవున్ కూడా పోతపోశారు. ఆ అచ్చుకు అరబీ వ్యాకరణం చెప్పే గుణాల్లో రెండు, ఒకరికొకరు చేసుకోవడం, కొంచెం కొంచెంగా జరగడం. దోహాలోనే మత్తు అలవాట్లకు చికిత్స చేసే నౌఫర్ అనే కేంద్రం ఉంది. నౌఫర్ అంటే కలువ. ఆ అరబీ మాట పారశీక నీలూఫర్‌కు చెందిందనీ, నీలూఫర్‌కు మూలం మన నీలోత్పలమనీ నిఘంటుకారులు అంటారు. మన చెరువులోంచి పోయి ఇక్కడ ఆసుపత్రి గుమ్మం మీద పూసిన మాట. ఇది నా వాదనకు అక్కర్లేదు గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

అక్కరకొచ్చే మాట ఇంకోటుంది: స్పాన్సర్. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువాడికి స్పాన్సర్ అంటే కఫీల్. వీసా ఇచ్చినవాడు, పాస్‌పోర్టు దాచినవాడు, సెలవు ఇవ్వనివాడు. ఖతార్ 2015లో చేసి 2016 డిసెంబరు నుంచి అమలుచేసిన 21వ నంబరు చట్టం కాగితాల మీద ఆ వ్యవస్థ పేరు తీసేసింది. నోళ్ళలో మాత్రం మాట అలాగే ఉంది. మద్యం మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైంది. అక్కడ స్పాన్సర్ అంటే తనకంటే ముందు మాని, నిలబడిన మనిషి. అర్ధరాత్రి నోరు పీకుతుంటే ఫోను చేయదగినవాడు. మా మెకానిక్‌కు ఊళ్ళో సెంటర్‌వాళ్ళు ‘ఒక స్పాన్సర్‌ను పెట్టుకో’ అంటే, ‘నా కఫీల్‌కు ఇది తెలుస్తే టికెట్ కొట్టి పంపిస్తడు సార్’ అన్నాడట. నవ్వుకున్నారట గానీ అతని భయంలో తప్పేం లేదు.

నిజానికి అరబీ కఫీల్‌కు మొదటి అర్థం జామీను, పూచీ పడ్డవాడు. అదే ధాతువు నుంచి వచ్చిన కాఫిల్ అనాథను సాకేవాడికి చెల్లుతుంది. మాట అటు తిరిగి ఉంటే మనవాళ్ళ గల్ఫ్ చరిత్ర వేరుగా ఉండేది. అది వదిలేద్దాం. అలాంటి పూచీదారులుండే ఏఏ వల్ల లాభముందా అన్నదానికి 2020లో కోక్రేన్ సమీక్ష జవాబిచ్చింది. పదివేలకు పైగా మంది మీద జరిగిన 27 అధ్యయనాలను జాన్ కెల్లీ బృందం జల్లెడ పట్టింది. ఏఏ సమావేశాలకు పద్ధతిగా పంపిన వారిలో, ఇతర చికిత్సలు పొందినవారికంటే మద్యం ముట్టకుండా కొనసాగినవాళ్ళు ఎక్కువమంది తేలారు. హైదరాబాద్ వంటి చోట్ల ఆ సమావేశాలు తెలుగులోనే జరుగుతాయి. కరోనా నుంచి చాలావరకు ఫోన్లోకీ వచ్చాయి. మా మెకానిక్ మంచం పై అంతస్తు మీద దుప్పటి కప్పుకుని, చెవిలో తీగ పెట్టుకుని వింటాడు. తన వంతు వస్తే మాట్లాడడు. కింద మంచంవాడు వింటాడేమోనని.

ఇంతకీ చికిత్స తర్వాతి ఈ దశకు తెలుగులో ఏమనాలి? పునరావాసం అంటున్నారు. ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్ళవాళ్ళకు ఇళ్ళస్థలాలు ఇచ్చినట్టుంది. అనంతర సంరక్షణ అంటే సర్కులరు. నా ఓటు పథ్యానికి. జనం నోట్లో పత్తెం.

వ్యసనానికి కౌటిల్యుడు చెప్పిన వ్యుత్పత్తి ఇది: మనిషిని శ్రేయస్సు నుంచి దూరంగా విసిరేసేది. అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణం మొదట్లోనే ఉంది. పథ్యానికి పాణిని చెప్పింది దానికి సరిగ్గా జోడు: పథం నుంచి తొలగనిది. ధర్మ్యం, న్యాయ్యం అన్న మాటల సరసనే దీన్నీ కూర్చోబెట్టాడు. చరకుడు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, దారి తప్పించనిదై ఉండాలి, మనసుకు ఇష్టమైనదీ అయి ఉండాలి అన్నాడు. ఈ రెండో షరతు మన ఇళ్ళల్లో మర్చిపోయారు. పత్తెం అంటే ఉప్పూ కారం లేని ముద్ద అన్నంతవరకే మిగిలింది. తాగుడు పోయిన చోట ఏమీ పెట్టకుండా గుడికీ బాబాకీ దణ్ణం పెట్టుకుని పడి ఉండమంటే, గల్ఫ్‌లో సెలవురోజైన శుక్రవారం సాయంత్రం ఎంతమంది పడి ఉంటారు?

అల్ మన్సూరాలో పత్తెం ఎలా ఉంటుందంటే, ముందు శుక్రవారాన్ని చూసుకోవాలి. వారమంతా ఎవరి పని వాళ్ళు చూసుకుంటూ పోతారు, ఆ ఒక్క రోజే ఖాళీ, ఆ ఒక్క రోజే పాత సోపతులు. మా మెకానిక్ రూములో అతనికి ఇష్టమైన పని అప్పజెప్పారు, శుక్రవారం మటన్ తెచ్చి వండడం. పొద్దున బేరం దగ్గర మొదలుపెడితే మధ్యాహ్నం గిన్నెలు తోమేదాకా అతని చేతులు ఖాళీగా ఉండవు. జీతం పడ్డ రోజు ఎక్స్ఛేంజీకి ఒక్కణ్ణీ పోనివ్వరు. ఊరికి పంపాల్సింది పంపించాకే బయటికి వస్తారు. డాక్టర్ రాసిన మాత్రల డబ్బా అదే ఊరివాడైన ఒక పెద్దాయన దగ్గర ఉంటుంది. రాత్రి తిండి అయ్యాక అడిగి వేసుకోవాలి, ఆయన అడగడు. ఈ చివరి సంగతి వాళ్ళంతట వాళ్ళే పెట్టుకున్న నియమం, నాకు చాలా నచ్చింది. ఆయనే అడిగి ఇస్తే మాన్పించడం అవుతుంది. తనే అడిగి పుచ్చుకుంటే మానుకోవడమూ అయింది, ఒంటరితనమూ తప్పింది.

వైద్యం అవసరమైతే దూరం లేదు. 2019 డిసెంబరు నుంచి మెట్రో గ్రీన్ లైన్ అల్ మన్సూరా నుంచే బయల్దేరుతుంది. ముషైరిబ్, అల్ బిద్దా, వైట్ ప్యాలెస్ దాటితే హమద్ హాస్పిటల్ స్టేషను. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 2020లో పెట్టిన 16000 నంబరు ఉంది. భారత రాయబార కార్యాలయం నీడలో పనిచేసే, ప్రవాసులకు సాయపడే సంస్థ ఐసీబీఎఫ్ ఉంది. అయినా తాగుడు గురించి మనవాళ్ళు ఈ గుమ్మాలేవీ తొందరగా తొక్కరు. పేరు ఎక్కడ రాస్తారో, ఎవరికి పోతుందో అన్న జంకు. ఆ జంకు చట్టం వల్ల కొంత, మన నోటి వల్ల కొంత. చట్టం సంగతి మన చేతిలో లేదు.

అన్నిటికంటే గడ్డు పరీక్ష ఇక్కడ కాదు, సెలవులో. గల్ఫ్ నుంచి వస్తున్నవాడు శంషాబాద్‌లో దిగేసరికి చేతిలో డ్యూటీ ఫ్రీ సంచీ ఉండాలని ఊళ్ళో రివాజు. సంచీలో బాటిల్ లేకపోతే ‘ఏందిరా, వట్టి చేతులతోని వచ్చినవ్’ అంటారు. ఆ సాయంత్రమే దావత్. ఇదీ అరబీ మాటే. ఇక్కడ దావత్ అంటే పిలుపు, ఆహ్వానం. మాట సముద్రం దాటి తెలంగాణకు చేరేసరికి యాటా, సీసా తోడు తెచ్చుకుంది. ‘మానేసిన’ అంటే ‘ఎన్ని దినాలు మానేస్తవో సూస్తం గనీ, ఒక్కటి ఎయ్యి’ అంటారు. చూడండి, వేయు మళ్ళీ వచ్చింది. ‘బంద్ వెట్టిన’ అంటే ‘ఇయ్యాల్టికి తెరువు’ అంటారు. ఆ మాటలన్నిటికీ పక్కనే ఎదురు మాట కాచుకుని ఉంది.

ఈ దసరాకు మా మెకానిక్‌కు సెలవు దొరికింది. టికెట్ తీసిన రాత్రి అతని భార్య ఇమోలో అందరూ వినేలా అడిగింది: ‘‘మీ అన్నదమ్ములు దావత్ అంటరు. ఏం జెప్పాలె?’’ రూములో తలో మాట చెప్పారు. అల్సర్ అని చెప్పమని ఒకడు, మొక్కుకున్నానని చెప్పమని ఇంకొకడు. మాత్రలు దాచే పెద్దాయన ఫోను అందుకుని అన్నాడు: ‘‘పత్తెం ఉన్నడని జెప్పు బిడ్డా. పసిరికలైనోనికి పత్తెం ఉన్నప్పుడు ఎవడన్న పోస్తడా? పోస్తే మీ అత్త ఊకుంటదా?’’

‘‘ఎన్ని దినాల పత్తెమని అడుగుతరు గద మామా?’’

‘‘డాక్టర్ ఇంక చెప్పలేదను.’’

ఆమె సరేనంది. డ్యూటీ ఫ్రీ సంచీలో ఏం పెట్టాలన్న దాని మీద మాత్రం ఇంకా తేలలేదు. ఖర్జూరాలు చాలవని ఇటునుంచి, బామ్మర్ది పెర్ఫ్యూమ్ అడిగాడని అటునుంచి, బ్యాటరీ అయిపోయేదాకా మాట్లాడుకున్నారు.